పింఛను జాబితా గోడకెక్కింది, ఫైలు మాత్రం నోటిమాటల మీదే నడుస్తోంది: పారదర్శకత ఎవరిని బయటపెడుతోంది?

ఉద్దానం వాసి (కవిటి)
శనివారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి సచివాలయం గోడకు పింఛన్ల జాబితా అంటించి ఉంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, పింఛను రకం, నెలకు ఇచ్చే సొమ్ము అని వరుసగా గడులున్నాయి. రకం అన్న గడిలో వృద్ధాప్యం, వితంతువు, మత్స్యకారుడు అన్న మాటల నడుమ అక్కడక్కడా డయాలసిస్ అని రాసి ఉంది. దానికి ఎదురుగా 10,000 అన్న అంకె ఉంటుంది కాబట్టి అక్షరం రానివారు కూడా ఎవరింట్లో జబ్బుందో ఇట్టే పోల్చుకోగలరు. నేను అక్కడ నిలబడి ఉండగానే, పొరుగూరి నుంచి వచ్చిన ఒక పెళ్ళిళ్ళ పేరయ్య ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఎందుకని అడిగితే "ముందే తెలిస్తే మంచిది కదా బాబూ" అన్నాడు.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల సంగతి ఎరిగినవారికి ఇందులోని బాధ విడమరచి చెప్పనక్కరలేదు. మా ఉద్దానంలో ఏళ్ళుగా ప్రబలి ఉన్న ఈ కిడ్నీ జబ్బుకు మూలకారణం ఏమిటో ఇప్పటికీ తేలలేదు. తేలలేదు కాబట్టే నీటి వల్ల వచ్చిందా, వంశంలో ఉందా అన్న అనుమానం సంబంధాలు కలుపుకునే వేళ అన్నిటికన్నా ముందుకొస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, పరీక్షలు దగ్గరయ్యాయి. అయినా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమంటే "పేరు ఎక్కడికెక్కుతుందో" అని వెనకాడే కుటుంబాలు మా చుట్టుపక్కల ఉన్నాయి.

జాబితా తీసేయమని నేను అనడం లేదు. గోడ మీద పేర్లు లేని రోజుల్లో, చనిపోయినవారి పింఛను ఎవరి జేబులోకి పోయేదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కానీ అదే కాగితంలో దరఖాస్తు పెట్టుకున్నా పింఛను రానివారి పేర్లు లేవు, ఎందుకు రాలేదో లేదు, కాదన్న అధికారి ఎవరో, ఏ తేదీన కాదన్నారో లేదు. ప్రభుత్వం గురించి మనం తెలుసుకోవలసినదాన్ని లోపల ఉంచి, మన గురించి ఊరికి అక్కరలేనిదాన్ని బయటపెట్టే ఈ పద్ధతిని పారదర్శకత అనవచ్చునా అన్నది నా ప్రశ్న.

తనిఖీ బృందం పాత సభ్యురాలు (ఆమదాలవలస)
శనివారం, రాత్రి 10:25

ఉద్దానం వాసి గారూ, మీ ఆవేదన అర్థమైంది. అయినా జాబితాల వైపు నుంచి కొంత చెప్పవలసి ఉంది.

ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించాలన్నది. దాన్ని కాగితం మీద నుంచి ఊళ్ళోకి తెచ్చిన రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. 2006లో మొదలుపెట్టి, 2009లో అందుకోసం విడిగా ఒక సంస్థనే ఏర్పాటు చేశారు. నేను తనిఖీకి వెళ్ళిన ఊళ్ళలో మేము చేసిన పని నిజానికి చాలా చిన్నది. మస్టరు (కూలీల హాజరు పట్టిక) పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి "ఈ వారం చెరువు పనికి వెళ్ళారా, ఎన్ని రోజులు వెళ్ళారు, ఎంత వచ్చింది" అని అడగడం, విన్నది రాసుకోవడం, ఆ తర్వాత గ్రామసభలో పేరు పేరునా పైకి చదవడం. ఒక ఊళ్ళో అలా చదువుతుండగా వెనక వరుసలోంచి ఒక ముసలామె లేచి, "ఆ పేరు మా పెద్దోడిది, వాడు చెన్నపట్నం పోయి నాలుగేళ్ళయింది" అంది. క్షేత్ర సహాయకుడు తలెత్తలేదు. ఆ పేరును పైకి చదవకుండా పని ప్రాంతం, మొత్తం ఖర్చు మాత్రమే చెప్పి ఉంటే ఆమె లేచేది కాదు.

పేదవాడి దగ్గర అకౌంటెంటు ఉండడు, వకీలు ఉండడు. అతనికి ఉన్న ఆధారం తన పక్కింటివారి ఎరుక ఒక్కటే. పేర్లు మూసేస్తే ఆ ఎరుక పనికిరాకుండా పోతుంది. అందుచేత పేరు ఉండాలి, సొమ్ము ఉండాలి. జబ్బు ఏమిటన్నది మాత్రం తనిఖీకి అవసరమే లేదు. దాన్ని వైద్యుల బోర్డు చూసుకుంటుంది, ఊరు చూడనక్కరలేదు.

చంపావతి (గజపతినగరం)
ఆదివారం, ఉదయం 7:50

న్యాయవాదిగా చట్టం ఏమంటున్నదో ముందు పెడతాను. సమాచార హక్కు చట్టం 4(1)(బి) సెక్షను, ఎవరూ అడగకుండానే ప్రతి కార్యాలయం ప్రచురించవలసిన అంశాలను చెబుతుంది. అందులో రాయితీ పథకాలు ఎలా అమలవుతున్నాయో, లబ్ధిదారుల వివరాలేమిటో చెప్పాలన్న అంశం ఉంది. అదే సెక్షనులో అధికారుల అధికారాలు, నిర్ణయం తీసుకునే ప్రక్రియ, అందులో పర్యవేక్షణ, జవాబుదారీ ఎలా ఉంటాయన్నవి కూడా ప్రచురించాలని ఉంది. మన కార్యాలయాలు మొదటిదాన్ని శ్రద్ధగా, రెండవదాన్ని మొక్కుబడిగా పాటిస్తున్నాయి. కారణం తెలిసిందే. మొదటిది బయటపెడితే ఇబ్బంది పడేది ఊళ్ళోవాళ్ళు, రెండవది బయటపెడితే ఇబ్బంది పడేది అధికారులు.

జబ్బు సంగతికి వస్తే, ప్రభుత్వానికి గోప్యత పాటించడం చేతకాదని చెప్పలేము. హెచ్ఐవీతో జీవిస్తున్నవారి పింఛనును ఇంటి గుమ్మం దగ్గర పంచకుండా బ్యాంకు ఖాతాలో వేయడం మన రాష్ట్రంలో ఉన్న ఏర్పాటే. 2017లో వారి కోసం వచ్చిన కేంద్ర చట్టం కూడా ఆ వివరం బయటికి పొక్కకూడదని కట్టడి చేసింది. అంటే పేరు మరుగున ఉంచి సొమ్ము అందించడం సాధ్యమే. ఒక జబ్బుకు చేసింది మరో జబ్బుకు చేయకపోవడం అలవాటు వల్ల జరుగుతున్నదే తప్ప, చట్టం అడ్డుపడి కాదు.

ఈ అలవాటు పల్లె గోడతో ఆగలేదన్నది ఇంకా పెద్ద సమస్య. 2017 మేలో బయటికొచ్చిన ఒక అధ్యయనం నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు ఎవరైనా చూసేలా ఉన్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే, ఒకటి ఉపాధి చెల్లింపుల నివేదికలది, రెండవది చంద్రన్న బీమాది. ఎవరో దొంగతనంగా లోపలికి చొరబడి తీసినవి కావవి, పారదర్శకత కోసమని ఎక్కించిన పట్టికలే. గోడ మీది కాగితం వానకు తడిసి ఊడిపోతుంది, ఊరివాళ్ళు తప్ప చూడరు. అదే పట్టిక ఇంటర్నెట్‌లోకి ఎక్కితే ఎంత దూరమైనా పోతుంది, ఎవరికైనా పనికొస్తుంది.

పాత గుమాస్తా (విజయనగరం)
ఆదివారం, ఉదయం 11:30

నోటు ఫైళ్ళు రాసీ రాసీ పదవీ విరమణ చేసినవాణ్ణి. జాబితాల గురించి అందరూ చెప్పారు. తలుపు లోపల ఏం జరిగిందో చెప్పడానికి ఈ చర్చలో నేనొక్కణ్ణే ఉన్నట్టుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సమాచార హక్కు చట్టం రాకముందు ఒక నోటు ఎలా ఉండేదంటే, సెక్షను గుమాస్తా ముందు విషయం రాసేవాడు, ఆపైన వర్తించే నిబంధన, గతంలో అలాంటి కేసులో ఏం చేశారన్నది, చివర ఇలా చేయవచ్చు లేదా అలా చేయవచ్చు అని రెండు దారులు చూపేవాడు. సూపరింటెండెంటు తన అభిప్రాయం జోడించేవాడు. "మొదటి దారి పాటిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది" అని ఎర్ర సిరాతో రాసిన సూపరింటెండెంట్లను నేను చూశాను. పై అధికారి ఆ హెచ్చరికను తోసిపుచ్చదలిస్తే తన చేతిరాతతో తోసిపుచ్చవలసి వచ్చేది. ఆ కాగితమే కింది ఉద్యోగికి గొడుగు.

2005 అక్టోబరు 12న చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. ఫైళ్ళ మీది నోట్లను దాని పరిధి నుంచి తప్పించాలని 2006లో కేంద్రం ఒక ప్రయత్నం చేసి, వ్యతిరేకత రావడంతో మానుకుంది. నోట్లు కూడా బయటికి పోతాయని ఖాయమయ్యాక మా కార్యాలయాల్లో మెల్లగా ఒక మార్పు వచ్చింది. నోటు పైకి వెళ్ళేది, పక్కన "మాట్లాడండి" అన్న ఒక్క మాటతో, పొడి సంతకంతో కిందికి వచ్చేది. గుమాస్తా లోపలికి వెళ్ళి నిలబడి విని వచ్చేవాడు. ఆ తర్వాతి నోటులో "చర్చించిన మేరకు ఉత్తర్వు ముసాయిదా సమర్పించడమైనది" అని ఉండేది. ఎవరు ఏం చర్చించారో ఫైలు చెప్పదు. కొందరు అధికారులు పసుపు అంటింపు చీటీ మీద రాసి ఇచ్చేవారు, ఫైలు రికార్డు గదికి పోయే ముందు ఆ చీటీ ఊడబీకేవాళ్ళం. ఫైళ్ళు కంప్యూటరులో నడిచే ఈ-ఆఫీసు వచ్చాక నోటు చెరపడం కుదరదు కాబట్టి ఆ మాటలు ఫోనులోకి పోయాయి.

ఇందులో ఎవరికి ఏం మిగిలిందో చూడండి. దరఖాస్తు పెట్టినవారికి శుభ్రమైన, నిబంధనలన్నీ సరిపోయిన ఫైలు దొరుకుతుంది. పై అధికారి ఏమీ రాయలేదు కాబట్టి ఏమీ చేయనట్టే. అడ్డుచెప్పిన గుమాస్తా అడ్డు చెప్పినట్టు ఎక్కడా ఉండదు, కానీ ముసాయిదా కింద సంతకం అతనిదే.

ఇక భారం గురించి ఒక్క మాట. పదేళ్ళుగా టెండరు లేకుండా నామినేషను మీద ఇచ్చిన పనులన్నిటి బిల్లుల నకళ్ళూ కావాలని ఒక దరఖాస్తు వస్తే, 30 రోజుల గడువు తలమీద ఉంటుంది, ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా సమాచార అధికారి జీతంలోంచి పోతుంది. అప్పుడు సెక్షనంతా జెరాక్సు దగ్గర చేరుతుంది, మ్యుటేషను (భూమి రికార్డులో పేరు మార్పు) కోసం రోజూ వచ్చి బల్ల మీద కూర్చునే ముసలాయన మరో వారం కూర్చుంటాడు. సుప్రీంకోర్టు 2011లో ఒక తీర్పులో, సిబ్బందిలో 75 శాతం మంది తమ సమయంలో 75 శాతం సమాచారం ఇవ్వడానికే వెచ్చించే పరిస్థితి దేశానికి వద్దని హెచ్చరించింది ఇందుకే.

చీపురుపల్లి కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:05

పాత గుమాస్తా గారూ, మీరు చెప్పినదంతా నిజమే కావచ్చు. కానీ ఆ బల్ల మీద కూర్చున్న ముసలాయన మా నాన్నగారి వంటివారు. ఆయన మ్యుటేషను చట్టం రాకముందు కూడా కదలలేదు, అప్పుడు జెరాక్సు మిషను అడ్డురాలేదు. చివరికి మండల స్థాయి దరఖాస్తుకు అయిదు రూపాయల రుసుము కట్టి "మా ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గర ఉంది" అని అడిగాకే అది బల్ల మారింది. జవాబు కాగితం రాలేదు, పని మాత్రం అయిపోయింది. నోటు రాయడానికి భయపడే అధికారిని చూసి చట్టాన్ని తప్పుపట్టడం నాకు సబబుగా తోచడం లేదు.

పాత గుమాస్తా (విజయనగరం)
ఆదివారం, మధ్యాహ్నం 1:40

బాబూ, చట్టం వద్దని నేననలేదు. మీ నాన్నగారి ఫైలు కదిలింది చూశారా, అది చట్టానికి ఉన్న అసలైన బలం. ఒక మనిషి, ఒక ఫైలు, ఒక తేదీ అడిగితే అది పదునుగా పనిచేస్తుంది. పెద్ద నిర్ణయాల దగ్గరికి వచ్చేసరికి, అసలు కాగితమే పుట్టకుండా చూసుకుంటారని నా మాట. ఉన్న కాగితం ఇమ్మని అడగవచ్చు గానీ పుట్టని కాగితాన్ని ఇమ్మని ఏ కమిషనూ ఆదేశించలేదు.

అర్థశాస్త్రం మాస్టారు (బొబ్బిలి)
ఆదివారం, రాత్రి 8:15

గుమాస్తా గారు చెప్పినది మన కార్యాలయాల జాడ్యం అనుకుని సరిపెట్టుకోనక్కరలేదు. దీన్ని కొలిచి చూసిన సందర్భం ఒకటి ఉంది.

అమెరికాలో వడ్డీరేట్లు నిర్ణయించే ఫెడరల్ రిజర్వు కమిటీ సమావేశాల్లోని మాటలను టేపు చేసి, సారాంశం రాసుకున్నాక టేపు చెరిపేస్తారని సభ్యులు నమ్మేవారు. పాత సమావేశాల మాటలన్నీ పొల్లుపోకుండా టైపు చేసి భద్రంగా ఉన్నాయని 1993లో వారి పార్లమెంటు ఒత్తిడి మీద బయటపడింది. అప్పటి నుంచి అయిదేళ్ళ తర్వాత ఆ ప్రతులను ప్రచురిస్తున్నారు. 1993కు ముందు మాటలనూ తర్వాతి మాటలనూ పోల్చిన పరిశోధకులకు రెండు మార్పులు కనిపించాయి. కొత్త సభ్యులు లెక్కలు, గణాంకాలు సిద్ధం చేసుకుని రావడం మొదలుపెట్టారు, ఇది మంచిదే. మరోవైపు ఎదురుచెప్పడం తగ్గింది, రాసుకొచ్చింది చదివి పదిమందితో పాటు తలూపడం పెరిగింది. ఒకే మార్పు సభ్యులను శ్రద్ధాపరులనూ చేసింది, పిరికివారినీ చేసింది.

మన రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ మరో పద్ధతి ఎంచుకుంది. 2016లో ఏర్పడిన ఈ కమిటీ సమావేశమైన 14వ రోజున, ఏ సభ్యుడు ఎటు ఓటు వేశాడో, ఎందుకు వేశాడో అతని పేరుతోనే ప్రచురిస్తుంది. లోపల నడిచిన వాదోపవాదాలను మాత్రం మాట మాటగా పెట్టదు. నిర్ణయానికీ కారణానికీ సభ్యుడు బాధ్యుడు, తడుముకోవడానికి మాత్రం అతనికి గది మిగిలింది. సమాచార హక్కు చట్టంలో కూడా మంత్రివర్గ పత్రాల విషయంలో ఇటువంటి కాలభేదమే ఉంది. నిర్ణయం జరిగి, వ్యవహారం ముగిశాక ఆ నిర్ణయమూ దాని కారణాలూ బయటికి రావాలి, అంతకుముందు అక్కరలేదు. ఎంత చెప్పాలి అన్నదానితో పాటు ఎప్పుడు చెప్పాలి అన్నదాన్ని కూడా మనం అడగాలి.

దీనికి రెండో కొస కూడా మనం చూశాం. మన రాష్ట్రంలో 2008 నుంచి జీవోలు వెబ్‌సైటులో పెట్టేవారు. కొన్నాళ్ళకు సంఖ్య, తేదీ ఉండి లోపల ఏమీ లేని ఖాళీ జీవోలు కనబడసాగాయి, వాటి మీద విమర్శ వచ్చింది. 2021 ఆగస్టులో ఆ వెబ్‌సైటులో పెట్టడమే ఆపేశారు. మళ్ళీ 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. విమర్శకు జవాబుగా జీవో నింపాలి గానీ, ఆ మూడేళ్ళూ తలుపే మూశారు.

బీల రైతు (సోంపేట)
సోమవారం, ఉదయం 6:20

అన్నీ బయటపెట్టినా ఏమీ తెలియకుండా చేయవచ్చునని మా బీల (నీటిభూమి) చూసినవారికి తెలుసు.

థర్మల్ ప్లాంటు కోసం 2009లో మా దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. పర్యావరణ నోటిఫికేషను ప్రకారం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదికను కలెక్టరు కార్యాలయంలోనూ జిల్లా పరిషత్తులోనూ చూసుకోవడానికి ఉంచాలి, సారాంశం మాత్రం స్థానిక భాషలో ఇవ్వాలి. ఆ సారాంశం కొద్ది పేజీలు, అసలు నివేదిక ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం. చేపలు పట్టుకునేవాడు సోంపేట నుంచి శ్రీకాకుళం పోయి, ఆ పుస్తకంలో తన బీలను ఏమని రాశారో ఎలా చదువుతాడు? వరి పండే, చేపలు దొరికే, వలస పక్షులు దిగే నీటిభూమిని పనికిరాని నేలగా చూపించారని చదువుకున్నవారు కూర్చుని చదివి చెప్పాకే ఊళ్ళకు తెలిసింది. 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుషులు పోయారు. పర్యావరణ అప్పీలు అథారిటీ అనుమతిని రద్దుచేసింది కూడా అదే రోజు.

నియమం ప్రకారం చూస్తే అంతా పారదర్శకమే. ప్రకటన వచ్చింది, పుస్తకం బల్ల మీద ఉంది, సభ జరిగింది. కాగితం పెట్టినవారి బాధ్యత పెట్టడంతో తీరిపోయింది, అర్థం చేసుకునే ఖర్చంతా మా నెత్తిన పడింది. అందుకే ఎన్ని పేజీలు ఎక్కించారని ఎవరైనా గొప్పగా చెబితే నాకు నమ్మకం కలగదు.

కొండదారి (మెళియాపుట్టి)
సోమవారం, మధ్యాహ్నం 12:45

నేను కొన్నాళ్ళు ఉపాధి పనుల దగ్గర హాజరు చూసే మేటుగా చేశాను. హాజరు ఫొటోల గురించి రాస్తాను.

ఉపాధి పనుల దగ్గర రోజుకు రెండుసార్లు వేతనదారులను నిలబెట్టి ఫొటో తీసి యాప్‌లో పంపాలన్న నియమం 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధి పనులు తప్ప, అన్ని పనులకూ వర్తింపజేశారు. ఆ ఫొటోలు వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మా కొండ పక్క పనుల దగ్గర సిగ్నలు ఉండదు. గట్టు పని చేసే ఆడవాళ్ళు పని తొందరగా ముగిసినా రెండో ఫొటో కోసం ఎండలో కూర్చునేవారు, నేను ఫోను పైకెత్తి పట్టుకుని గుట్టెక్కేవాణ్ణి. ఫొటో పోకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. దొంగ మస్టరు వేయదలచుకున్నవాడికి మాత్రం దీనివల్ల వచ్చిన కష్టమేమీ లేదు, పాత ఫొటోను మరో ఫోనులో పెట్టి దానికే ఫొటో తీసి పంపేవాడు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన ఉత్తరంలో ఫొటోకు ఫొటో తీయడం, పనికి సంబంధం లేని ఫొటోలు పెట్టడం, ఒకరే పలు మస్టర్లలో కనబడటం వంటివి జరుగుతున్నాయని ఏకరువు పెట్టింది.

తనిఖీ అక్కయ్య గారు పేర్లు చదివినప్పుడు ముసలామె లేచింది, ఎందుకంటే అక్కడ వినేవాళ్ళున్నారు. లక్షల ఫొటోలు వెబ్‌సైటులో పడి ఉంటే చూసేవాళ్ళెవరు?

మార్కెట్ వీధి (రాజాం)
సోమవారం, సాయంత్రం 5:30

ఎవరూ ఎత్తని ఒక విషయం చెబుతాను. ఓటు రహస్యమే, కానీ బూత్ ఫలితం రహస్యం కాదు. ఏ పోలింగు కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 20లో ఉంటుంది, ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దింపుకోవచ్చు. లెక్కింపు మీద నమ్మకానికి అది అవసరం కూడా. కానీ మా వైపు చిన్న ఊళ్ళలో ఒక ఊరికి ఒకే బూత్. ఫలితం వచ్చిన మర్నాడే ఊరంతా ఎటు వేసిందో తేలిపోతుంది. ఆ తర్వాత సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో, బోరు ఎక్కడ పడదో చెప్పడానికి జోస్యం అక్కరలేదు.

బ్యాలెట్ కాగితాల కాలంలో అవసరమైతే పలు బూత్‌ల కాగితాలను కలిపి లెక్కించేందుకు నియమం ఉండేది. ఓటింగు యంత్రాలు వచ్చాక ఆ కలపడం పోయింది. యంత్రాల ఓట్లను కలిపి చూపే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, లా కమిషను 2015లో తన 255వ నివేదికలో దాన్ని బలపరిచింది, కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. లెక్క సరిగ్గా జరిగిందని ఋజువు చేసే కాగితమే ఊరికి శిక్ష వేసే కాగితం కూడా అయింది. దీనికి తేలిక పరిష్కారం నాకు కనబడదు, ఎందుకంటే కలిపి లెక్కిస్తే బూత్‌లో జరిగిన మోసం కూడా కలిసిపోతుంది.

వేదిక నిర్వాహకులు
సోమవారం, సాయంత్రం 6:00

చర్చ పార్టీల వైపు మళ్ళిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. ఊళ్ళ పేర్లు, జబ్బుపడినవారిని గుర్తుపట్టగల వివరాలు రాయవద్దని మనవి. జాబితా ఫొటో పెట్టిన సభ్యుని టపాను కూడా తీసేశాము.

తనిఖీ బృందం పాత సభ్యురాలు (ఆమదాలవలస)
సోమవారం, రాత్రి 9:00

నిర్వాహకులు మంచి పని చేశారు.

చంపావతి గారిని ఒకటి అడగాలి. జబ్బు గడి తీసేయమని మనం అడిగితే, "వ్యక్తిగత సమాచారం" అన్న మాట అధికారుల చేతికి మనమే అందించినట్టు కాదా? ఇప్పటికే కాంట్రాక్టరు బిల్లు అడిగినా, ఉద్యోగి కుల ధ్రువపత్రం అడిగినా ఆ మాటే జవాబుగా వస్తోంది. రేపు మస్టరు అడిగినా అదే చెబుతారన్నది నా భయం.

చంపావతి (గజపతినగరం)
మంగళవారం, ఉదయం 8:10

మీ భయం నిరాధారం కాదు. సమాచార హక్కు చట్టంలోని పాత 8(1)(జె) సెక్షను, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని లేదా అనవసరంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే మినహాయించేది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే దాన్ని కూడా ఇవ్వమనేది. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేనిదాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న మాట కూడా ఉండేది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన 44(3) సెక్షనుతో ఇవన్నీ కత్తిరించి "వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది" అన్న ఒక్క ముక్క మిగిల్చింది. పేరున్న ప్రతి కాగితమూ వ్యక్తిగతమే అనడానికి ఇప్పుడు వీలుంది. కలిగే హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చునన్న 8(2) సెక్షను ఇంకా ఉంది, కానీ ఆ తూకం వేసేది అధికారే, వేయమని వాదించవలసింది మీరు.

అందుచేత మనం ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. "వ్యక్తిగతం కాబట్టి తీసేయండి" అని అడగవద్దు. "పేరూ సొమ్మూ ఉంచండి, వైద్య కారణం చూపే గడి మాత్రం ప్రదర్శన ప్రతిలో వద్దు" అని అడగండి. మొదటిది ఒక సూత్రం, దాన్ని ఎక్కడికైనా లాగవచ్చు. రెండవది ఒక గడి.

గుమాస్తా గారు చెప్పిన నోటిమాటల సంగతికి కూడా ఒక ఆధారం ఉంది. 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, అధికారులు నోటిమాటగా వచ్చిన ఆదేశాలను కాగితం మీద నమోదు చేయాలన్నది. అలా నమోదు చేయకపోతే సమాచార హక్కు చట్టం ఉద్దేశమే దెబ్బతింటుందని కూడా ఆ తీర్పులో ఉంది.

పాత గుమాస్తా (విజయనగరం)
మంగళవారం, ఉదయం 10:20

ఆ తీర్పు సర్క్యులరుగా మా బల్ల మీదికి కూడా వచ్చింది, అందరం సంతకాలు పెట్టి ఫైలులో ఉంచాము. "తమరు ఫోనులో చెప్పిన మేరకు" అని రాసే ధైర్యం బదిలీల కాలం దగ్గరలో లేనప్పుడు ఒకరిద్దరికి వచ్చేది. అంతకన్నా ఆశించకండి.

అయితే ఒక చోట ఫలితం ఉంటుంది. "ఎందుకు చేశారు" అని అడిగితే ఫైలు జవాబివ్వదు. "ఈ దరఖాస్తు ఏ కారణంతో తిరస్కరించారు, ఏ నిబంధన కింద, సంతకం ఎవరిది" అని అడిగితే ఇచ్చి తీరాలి, ఎందుకంటే తిరస్కరణ ఉత్తర్వు కాగితం లేకుండా జరగదు. ఉద్దానం వాసి గారు మొదట రాసిన దరఖాస్తుల సంగతి అక్కడే దొరుకుతుంది.

ఉద్దానం వాసి (కవిటి)
బుధవారం, సాయంత్రం 7:15

ఈ రోజు సచివాలయానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "నమూనా పై నుంచి వస్తుంది మాస్టారూ, ప్రింటు కొడితే ఆ గడి దానంతటదే వస్తుంది, మేము తీయలేము" అంది. గడిని తెల్లకాగితంతో కప్పి అంటించవచ్చు కదా అంటే, తనిఖీకి వచ్చినవారు అడిగితే తన మీదికి వస్తుందంది. ఆమె చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. ఆ నమూనా ఏ స్థాయిలో, ఏ ఉత్తర్వు ప్రకారం ఖరారైందో ఆమెకు కూడా తెలియదు.

అందువల్ల సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు రాసుకున్నాను. ఒకటి ఆ నమూనాను ఆమోదించిన ఉత్తర్వు నకలు కోసం. రెండవది మా సచివాలయం పరిధిలో తిరస్కరించిన పింఛను దరఖాస్తుల సంఖ్య, ఒక్కొక్కదానికి చూపిన కారణం, తిరస్కరించిన అధికారి హోదా కోసం, పేర్లు లేకుండా. గ్రామసభలో పెట్టడానికి ఒక తీర్మానం ముసాయిదా కూడా రాశాను. రుసుము ఎంత కట్టాలో, ఎవరికి ఇవ్వాలో చెప్పగలరు.

చంపావతి (గజపతినగరం)
బుధవారం, రాత్రి 9:40

గ్రామ స్థాయిలో రుసుము లేదు. రెండూ అక్కడే ఇచ్చి రసీదు తీసుకోండి, ఎందుకు కావాలో రాయనక్కరలేదు. నమూనా ఉత్తర్వు తమ దగ్గర లేదని వారు దరఖాస్తు తిప్పి పంపకూడదు, 6(3) సెక్షను ప్రకారం అయిదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి వారే బదిలీ చేసి మీకు తెలియజేయాలి. రెండవ దరఖాస్తులో హోదాతో పాటు తిరస్కరించిన తేదీ కూడా అడగండి. తీర్మానంలో మాత్రం జబ్బు పేరు ఎక్కడా రాయకండి, అది కూడా గోడకెక్కుతుంది.